సాక్ష్యం చెప్పమంటున్నారు, నోరు రావడం లేదు

ప్రశ్న: రెండేళ్ల కిందట నా తమ్ముడు క్యాన్సర్‌తో చనిపోయాడు. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. మా చర్చి సంఘమంతా ఉపవాసాలు ఉండి ప్రార్థించింది. వాడు బాగవుతాడని నేను నిండు మనసుతో నమ్మాను. చనిపోయాక సంఘంలో ఒక పెద్దావిడ, "మీ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువై ఉంటుంది" అన్నారు. ఇంకొకరు, "దేవుడు మంచి పువ్వులనే ముందు కోసుకుంటాడు" అన్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు, మూడు నెలల కిందట నాకు పాప పుట్టింది. పాపను ఎత్తుకుంటే సంతోషం పొంగుకొస్తుంది. మరుక్షణమే తమ్ముడు గుర్తుకొచ్చి, ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. పాస్టరుగారు వచ్చే నెల ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పాలి. "దేవుడు నా ప్రార్థన విన్నాడు" అని నిలబడి చెబితే, తమ్ముడి విషయంలో వినలేదని ఒప్పుకున్నట్టే కదా? నా భర్త, "దేవుడు ఇంత ఇచ్చాక ఇంకా ఏడుపేమిటి" అంటారు. పాపకు తమ్ముడి పేరు కలిసేలా పేరు పెట్టమని అమ్మ పట్టుబడుతోంది. దేవుడు వాడినే తిరిగి ఇచ్చాడని అంటోంది. పాటలు పాడుతుంటే నటిస్తున్నట్టు ఉంది. ప్రార్థనకు కూర్చుంటే మాటలు రావడం లేదు. నా విశ్వాసం పోయిందా?

— పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. పోలేదు. విశ్వాసం పోయినవాళ్లకు ఈ గొడవే ఉండదు. అవతల ఎవరూ లేరనుకున్నవాళ్లు ఎవరిని నిలదీస్తారు? దేవుడు విన్నాడా లేదా అని రెండేళ్లుగా నలిగిపోతున్నారంటే, వినేవాడు ఒకడున్నాడన్న నమ్మకం మీలో ఇంకా ఉన్నట్టే. అది దెబ్బ తిన్నది, నిజమే. దెబ్బ తినడం వేరు, పోవడం వేరు.

మీ ఉత్తరంలో చిక్కులు చాలా ఉన్నాయి గాని, వాటి వేరు ఒకటే అనిపిస్తోంది. మీ చుట్టూ ఉన్నవాళ్లు, ప్రేమతోనే కావచ్చు, ఒక జమాఖర్చుల పుస్తకం తెరిచారు. ఖర్చు వైపు తమ్ముడిని రాశారు, జమ వైపు పాపను రాశారు. చెల్లుకు చెల్లు అయింది, ఇక పుస్తకం మూసెయ్యమంటున్నారు. మీ మనసు ఆ లెక్కకు ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోనక్కరలేదు. మీరు చదివే బైబిలు కూడా ఆ లెక్కను ఎక్కడా ఆమోదించలేదు.

ముందు ఆ "విశ్వాసం తక్కువ" అన్న మాట సంగతి చూద్దాం. మిగతా వాటికంటే లోతుగా దిగినది అదే. అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం తీసి చదవండి. హేరోదు రాజు, యోహాను అన్న యాకోబును కత్తితో చంపించాడు. ఆ సంగతి ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. తరువాత పేతురును పట్టి చెరసాలలో వేశాడు. దేవదూత వచ్చి సంకెళ్లు ఊడదీసి అతణ్ణి బయటికి నడిపించాడు. ఇద్దరూ యేసు శిష్యులే. ఇద్దరూ ఆయన ఎక్కువగా వెంట ఉంచుకున్న ముగ్గురిలోని వాళ్లే. సంఘం కూడా ఒకటే. యాకోబు కోసం ఆ సంఘం తక్కువ నమ్మకంతో ప్రార్థించిందని చెప్పగల ధైర్యం ఎవరికి ఉంది?

అక్కడే ఇంకో ముచ్చట కూడా ఉంది. పేతురు కోసం రాత్రి కూడి ప్రార్థిస్తున్న ఇంటి తలుపును పేతురే వచ్చి తట్టాడు. రొదే అనే చిన్నది అతని గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచి లోపలికి పరుగెత్తి చెప్పింది. ప్రార్థనలో ఉన్నవాళ్లు ఆ పిల్లను ఏమన్నారు? నీకు పిచ్చి పట్టిందన్నారు! అడిగినది ఎదురుగా వచ్చి నిలబడితే నమ్మలేనంత విశ్వాసం వాళ్లది. అయినా పేతురు విడుదలయ్యాడు. నమ్మకం పాళ్లను బట్టి ఫలితం వస్తుందనే లెక్క ఇక్కడే చెదిరిపోతుంది.

తొలి సంఘాలకు పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు సంగతి చూడండి. మెలితే ద్వీపంలో జ్వరంతో, రక్తభేదితో పడి ఉన్న ఒకతని మీద చేతులుంచి ప్రార్థిస్తే అతను బాగయ్యాడు. అదే పౌలు తన జీవితం చివరిలో రాసిన పత్రికలో, త్రోఫిము రోగియై ఉంటే అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. వివరణ ఇవ్వలేదు. త్రోఫిము విశ్వాసం గురించి ఒక్క మాటా అనలేదు. తనకెంతో ఇష్టుడైన తిమోతికి కడుపు జబ్బు, తరచుగా అనారోగ్యం. తన శరీరంలో ముల్లు తీసేయమని పౌలు ముమ్మారు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని మాత్రమే. ముల్లు అలాగే ఉంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని తానే చెప్పాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడూ ఆయన ఆ ప్రశ్ననే పక్కన పెట్టాడు.

ఇంత స్పష్టంగా ఉన్నా ఆ మాట సంఘాల్లో ఎందుకు తిరుగుతూ ఉంటుంది? భయం వల్ల అని నా అభిప్రాయం. మీ తమ్ముడు విశ్వాసం తక్కువై చనిపోయాడంటే, విశ్వాసం ఎక్కువ ఉన్న తన పిల్లలకు ఏమీ కాదని ఆ పెద్దావిడ ధైర్యం తెచ్చుకోవచ్చు. విశ్వాసానికీ చావుకూ అలాంటి లంకె లేదంటే, ఆవిడ ఇల్లు కూడా మీ ఇంటిలాంటిదే అవుతుంది. పిల్లలనూ ఆస్తినీ ఒక్కసారిగా పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసినది ఇదే. వాళ్లు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద నోరెత్తకుండా కూర్చున్నారు. అంతవరకు మంచి స్నేహితులే. నోరు విప్పిన తరువాతే చెడ్డారు. చివరి అధ్యాయంలో దేవుని కోపం ఆ ముగ్గురి మీద రగిలింది. దేవుణ్ణి ముఖాముఖి నిలదీసిన యోబు యుక్తంగా మాట్లాడాడట, దేవుణ్ణి సమర్థించడానికి పూనుకున్నవాళ్లు మాట్లాడలేదట. కాబట్టి ఆ పెద్దావిడ మాటను దేవుని మాటగా మోయకండి. ఆవిడను క్షమించడం, లేకపోవడం తరువాత నిదానంగా చూసుకోవచ్చు. ముందు ఆ మాటను దించండి.

పువ్వుల మాట గురించి ఎక్కువ చెప్పను. ఓదార్చాలని వచ్చి ఏమనాలో తోచక అన్న మాట అది. విని వదిలెయ్యండి.

ఇక మీ భర్త అడిగిన "ఇంకా ఏడుపేమిటి" అనే ప్రశ్న. బేతనియలో మార్త, మరియల సహోదరుడు లాజరు చనిపోయి సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. యేసు అతణ్ణి లేపడానికే వచ్చాడు. వచ్చే ముందే శిష్యులతో ఆ మాట చెప్పాడు కూడా. కొద్దిసేపట్లో ఈ ఏడుపంతా సంబరంగా మారుతుందని ఆయనకు తెలుసు. అయినా మరియ ఏడవడం చూసి ఆయన ఏడ్చాడు. సంతోషం రాబోతున్నది కాబట్టి దుఃఖం అనవసరం అని ఎవరైనా అనగలిగితే, ఆ రోజు ఆయనే అనాలి. అనలేదు. మార్త, మరియ వేరువేరుగా వచ్చి ఒకే ఫిర్యాదు చేశారు: నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు. మీ గుండెలో రెండేళ్లుగా ఉన్న మాట ఇదే కదా. ఆ అక్కచెల్లెళ్లను ఆయన ఇలా అన్నందుకు గద్దించలేదు.

"ఎల్లప్పుడు ఆనందించుడి" అనే వాక్యం మీకు ఎవరో ఈపాటికే వినిపించి ఉంటారు. అది ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోది. అదే పత్రికలో, దానికి రెండు అధ్యాయాల ముందు, ఎపఫ్రొదితు అనే స్నేహితుడు జబ్బుచేసి చావు దాకా వెళ్లి బతికిన సంగతి ఉంది. తనకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు కనికరించాడని పౌలు రాశాడు. ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే పౌలు ఏడ్చేవాడే, దాన్ని దాచుకునేవాడు కాదు. అప్పటికే బందీగా, ఒక దుఃఖంలో ఉన్నానని కూడా ఆ మాటలోనే ఒప్పుకున్నాడు. ఆనందించమన్న మనిషి ఏడవడం ఆపినవాడు కాదు. థెస్సలొనీకయులకు రాసినప్పుడు కూడా నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దన్నాడే గాని, దుఃఖమే పడవద్దనలేదు.

ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1542 సెప్టెంబరులో ఆయన కూతురు మగ్దలేన పదమూడేళ్లకు చనిపోయింది. కూతురు ప్రభువు దగ్గరికి చేరింది కాబట్టి తానూ, భార్యా కృతజ్ఞత మాత్రమే చెల్లించాలని, అయినా ఏడవకుండా, మూలగకుండా ఆ పని చేయలేకపోతున్నామని ఆయన ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఉంది. విశ్వాసం గురించి అంతగా బోధించిన మనిషి తన ఇంట్లో చావు వచ్చినప్పుడు రాసుకున్న మాట అది. ఇది మీ భర్తకు చదివి వినిపించండి. ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. బైబిల్లో హన్నా పిల్లలు లేక ఏడుస్తుంటే ఆమె భర్త ఎల్కానా, పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కానా అని అడిగాడు. ప్రేమించినవాడే. భార్య కన్నీళ్లు చూడలేక, అవి ఎలాగైనా ఆగిపోతే చాలనుకున్నాడు. మీ ఆయనకు కూడా మీ ఏడుపు తన మీద, పాప మీద వేసిన నింద లాగా వినిపిస్తూ ఉండవచ్చు. అది అలా కాదని ఒకసారి నోటితో చెప్పండి. పాప వల్ల ఏడవడం లేదు, తమ్ముడి కోసం ఏడుస్తున్నాను అని. ఇంట్లో ఆ పేరు ఎత్తితే అందరూ మాట మార్చడం మొదలైతే, ముందు దాన్ని ఆపించండి.

సంతోషం గురించి రాయవలసింది ఎక్కువ ఉంది, ఎందుకంటే దుఃఖంలో ఉన్నవాళ్లకు అసలు కష్టం అక్కడే వస్తుంది. కష్టాల్లో విశ్వాసం ఎలా నిలబెట్టుకోవాలో చెప్పే ప్రసంగాలు బోలెడు. ఒక చావు చూసిన తరువాత మళ్లీ సంతోషించడం ఎలాగో చెప్పేవాళ్లు తక్కువ. నవ్వితే పోయినవాణ్ణి మరిచిపోయినట్టు అనిపిస్తుంది. ఈ పాపను కూడా తీసుకుపోతాడేమోనన్న భయం, మీరు రాయలేదు గాని, రాత్రిపూట మీకు వస్తూనే ఉంటుందనుకుంటాను. సంతోషించకుండా ఉంటే దెబ్బ తక్కువ తగులుతుందేమోనని మనసు ముందే ముడుచుకుంటుంది.

ఎజ్రా గ్రంథం మూడో అధ్యాయం చివరి రెండు వచనాలు చూడండి. బబులోను సైన్యం క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేసింది. దాదాపు యాభై ఏళ్ల తరువాత చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లు కొత్త మందిరానికి పునాది వేశారు. యాజకులు బూరలు ఊదారు, మందిర సేవకులైన లేవీయులు తాళాలు మోగించారు, జనం స్తుతిస్తూ కేకలు వేశారు. ఆ గుంపులోనే పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు ఉన్నారు. కొత్త పునాది చూసి వాళ్లు గట్టిగా ఏడ్చారు. మిగతావాళ్లు సంతోషంతో అరిచారు. ఏది ఏడుపో, ఏది ఉత్సాహధ్వనో జనం తెలుసుకోలేకపోయారని, ఆ శబ్దం చాలా దూరం వినిపించిందని రాసి ఉంది.

నాకు ఆ గ్రంథంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. ముసలివాళ్లను ఎవరూ ఊరుకోబెట్టలేదు. కొత్త మందిరం వచ్చింది కదా, ఇంకా పాతదాని గోల ఎందుకని ఎవరూ అనలేదు. అలాగే ముసలివాళ్లూ కుర్రవాళ్ల కేకలను ఆపలేదు. రెండూ ఒకే ఆరాధనలో, ఒకే పునాది దగ్గర జరిగాయి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. తేడా ఏమిటంటే, ఆ రెండు గుంపులూ మీ ఒక్కరిలోనే ఉన్నాయి. పాపను ఎత్తుకున్నప్పుడు పొంగే సంతోషం నిజమైనది, ఆ వెంటనే వచ్చే కన్నీరూ నిజమైనదే. ఒకటి వచ్చినప్పుడు రెండోదానికి సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

యేసు కూడా సంతోషానికి ముఖం చాటేసినవాడు కాదు. తన సమయం ఇంకా రాలేదని తల్లితో అన్న రోజునే, అంటే ముందున్నది ఏమిటో తెలిసి కూడా, కానాలో పెళ్లి విందుకు వెళ్లి అక్కడే మొదటి సూచకక్రియ, అంటే మొదటి అద్భుతం, చేశాడు. ఆరు రాతి బానల నిండా ద్రాక్షారసం! అంత అవసరమా అని ఎవరికైనా అనిపించవచ్చు. తిండిబోతు అని ఆయనను ఆడిపోసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. రాబోయే దుఃఖానికి భయపడి ఈ రోజు సంతోషాన్ని కాస్తంతే పుచ్చుకునే పద్ధతి ఆయనలో కనిపించదు. మీ పాప నవ్వితే మీరూ నవ్వండి. కృతజ్ఞత చెప్పండి, కాని పాప కోసం మాత్రమే చెప్పండి. తమ్ముడికి బదులుగా ఇచ్చినందుకు అని మీ ప్రార్థనలో అననక్కరలేదు. మీకు నిజంగా అలా అనిపించనంత కాలం అది అబద్ధ ప్రార్థన.

ఇక్కడే అమ్మ విషయం. అమ్మతో గట్టిగా మాట్లాడకండి. కొడుకును పోగొట్టుకున్న మనిషి ఆమె. మీకు తమ్ముడు పోయాడు, ఆమెకు కడుపున పుట్టినవాడు పోయాడు. కొడుకు హేబెలు హత్యకు గురయ్యాక షేతు పుట్టినప్పుడు హవ్వ అచ్చంగా మీ అమ్మ మాటే అంది, హేబెలుకు ప్రతిగా దేవుడు ఇంకో సంతానాన్ని ఇచ్చాడని. తల్లికి ఆ మాట అనే హక్కు ఉంది. అయితే గమనించండి, హవ్వ ఆ బిడ్డకు హేబెలు అని పేరు పెట్టలేదు. చనిపోయినవాడి పేరును చనిపోయినవాడికే ఉంచి, వీడికి వేరే పేరు పెట్టింది. యోబుకు పోయిన ఆస్తి రెండింతలుగా తిరిగి వచ్చింది. ఏడువేల గొర్రెలు పద్నాలుగు వేలయ్యాయి. పిల్లలు మాత్రం రెండింతలు కాలేదు. మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. మొదటి పదిమంది పోయినవాళ్ల లెక్కలోకి రారు, దేవుని దగ్గర ఉన్నారు కాబట్టే అలా అని పూర్వం నుంచి వ్యాఖ్యాతలు చెబుతూ వచ్చారు. నాకు అంతకంటే నచ్చే వివరం ఇంకొకటి ఉంది. ఆ కొత్త కూతుళ్లకు పేర్లు రాసి ఉన్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. తమ పేర్లతో తాము పెరిగిన పిల్లలు వాళ్లు.

మీ పాపకు కూడా ఆమె పేరు ఆమెకు ఉండనివ్వండి. చనిపోయిన మనిషి చోటు నింపడమనేది మూడు నెలల బిడ్డ మోయగల బరువు కాదు, ముప్పై ఏళ్లు వచ్చినా మోయలేనిది. మామయ్య ఒకడు ఉండేవాడని, ఎలా నవ్వేవాడో, దేనికి కోప్పడేవాడో పాపకు ఊహ వచ్చాక కథలుగా చెప్పే పని అమ్మకు అప్పగించండి. పేరులో కలపలేదన్న బాధకు అది కొంత మందు. అమ్మ అప్పటికీ ఒప్పుకోకపోతే రెండో పేరుగా ఉంచడంలో ప్రమాదమేమీ లేదు. మీ దంపతులు ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే సుమా.

ప్రార్థనకు మాటలు రాకపోతే మాటలు అరువు తెచ్చుకోండి. నూట యాభై కీర్తనల్లో మొరపెట్టుకునేవి, నిలదీసేవి చాలా ఉన్నాయి. మన సంఘాల్లో పాడేవి మాత్రం ఎక్కువగా స్తుతి కీర్తనలే కావడం వల్ల మిగతావి ఉన్నాయన్న సంగతే మరిచిపోతాం. పదమూడో కీర్తన ఎంతకాలం, ఎంతకాలం అని పదేపదే అడుగుతుంది. ఎనభై ఎనిమిదోది మరీ కఠినం. మొర పెట్టి, ఏ ఊరటా లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో ఒక స్తుతి వాక్యం అతికించి దాన్ని చక్కబెట్టాలని ఎవరికీ తోచలేదు. రోజుకు ఒకటి చదివి ఆమేన్ అనండి, ప్రస్తుతానికి అది చాలు. అది కూడా చేతకాని రోజున, ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మే ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు రాసిన పత్రికలో ఉన్న మాటను ఆసరాగా పట్టుకోండి.

మదర్ థెరెసా 1997లో చనిపోయిన పదేళ్లకు ఆమె తన ఆత్మీయ గురువులకు రాసిన ఉత్తరాలు అచ్చయ్యాయి. పేదల మధ్య పని మొదలుపెట్టిన కాలం నుంచి దశాబ్దాల పాటు లోపల దేవుడు లేనట్టు, చీకటి మాత్రమే ఉన్నట్టు అనిపించిందని వాటిలో ఉంది. చదివినవాళ్లు చాలామంది ఆశ్చర్యపోయారు. మీ సంఘం వేరు కావచ్చు, ఆమె సంఘం వేరు. ఏమీ అనిపించకపోవడమూ విశ్వాసం లేకపోవడమూ ఒకటి కావని చూపడానికి ఆమెకంటే పెద్ద ఉదాహరణ నాకు కనిపించదు. పాటల సంగతీ అంతే. మనుషుల మెప్పు కోసం లేని భక్తిని చూపడం నటన. నమ్మాలని ఉండి, గొంతు పెగలక, అయినా అందరితో కలిసి నిలబడడం నటన కాదు. పాడలేని చరణం వచ్చినప్పుడు నోరు మూసుకుని నిలబడండి. చుట్టూ ఉన్నవాళ్లు మీ తరఫున పాడతారు. సంఘం ఉన్నది అందుకు కూడా.

ఒక విషయం మాత్రం విశ్వాసం లెక్కలోకి వేయకుండా చూసుకోవాలి. మీరు ప్రసవమై మూడు నెలలే అయింది. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, రెండు వారాలకు మించి రోజంతా దిగులు, నేను పనికిరాని తల్లిననే ఆలోచన, ఇలాంటివి ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. ప్రసవం తరువాత వచ్చే డిప్రెషన్ ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది, పాలిచ్చే తల్లులకు కూడా చికిత్స చేసే మార్గాలున్నాయి. మీకు గాని పాపకు గాని హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే వెళ్లండి, ఒంటరిగా ఉండకండి. ఏలీయా ప్రవక్త ఒక చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. లేపి తిండి పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. మరోసారి లేపి మళ్లీ తినిపించాడు. ప్రశ్నలు, జవాబులు ఆ తరువాతే వచ్చాయి.

ఇప్పుడు సాక్ష్యం. చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. చెబితే సగం చెప్పకండి. ఇక్కడ మీకు దారి చూపేది హన్నాయే. ఆమె కూడా ఏళ్లకేళ్లు ఎదురుచూసి బిడ్డను కన్నది. ఆమె ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ తాగి ఉందనుకున్నాడు, కాబట్టి సంఘ పెద్దల తొందరపాటు మాటలు ఆమెకూ కొత్త కావు. బిడ్డ పుట్టాక ఆమె పాడిన కీర్తనలో సంబరం ఒక్కటే లేదు. చంపేవాడూ బతికించేవాడూ యెహోవాయే, పాతాళానికి దించేవాడూ పైకి తెచ్చేవాడూ ఆయనే అంటుంది. పాలు విడిచిన బిడ్డను మందిరంలో అప్పగిస్తూ చావు గురించి మాట్లాడింది. ఎవరూ అపశకునం అనలేదు.

కాగితం మీద నాలుగైదు వాక్యాలు రాసుకుంటే చాలు. "రెండేళ్ల కిందట మీరందరూ నా తమ్ముడి కోసం ప్రార్థించారు. వాడు చనిపోయాడు. ఎందుకో నాకు ఈ రోజుకీ తెలియదు. మూడు నెలల కిందట నాకు పాప పుట్టింది, అందుకు దేవునికి కృతజ్ఞతలు. ఇద్దరినీ నేను ఆయన ముందే ఉంచుతున్నాను, రెండూ మీ ప్రార్థనల్లో ఉంచండి." మీ మాటల్లో ఇంకా బాగా వస్తుంది. ఉపవాసం ఉన్నాను కాబట్టి ఇచ్చాడు, విడవకుండా అడిగాను కాబట్టి ఇచ్చాడు అనే వాక్యం మాత్రం రానివ్వకండి. ఆ ఆదివారం మీ ఎదురుగా బల్లల మీద పిల్లల కోసం అలాగే ఉపవాసాలుండి, అలాగే అడిగి, ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటారు. తొమ్మిదేళ్లు మీరు ఆ బల్లల మీద కూర్చునే ఇతరుల సాక్ష్యాలు విన్నారు. ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ "విశ్వాసం తక్కువ" అన్న పెద్దావిడ కూడా అక్కడే ఉంటారు. ఆవిడకు తగిలేలా ఒక్క మాటా కలపకండి. సాక్ష్యంలో అది ఇమడదు. చెప్పాలనిపిస్తే ఇంకో రోజు ఆవిడ ఇంటికి వెళ్లి, మీ మాట నన్ను ఇంత బాధ పెట్టిందని నేరుగా చెప్పండి.

రాసుకున్న కాగితాన్ని ఈ వారంలోనే పాస్టరుగారికి చూపించండి. వేదిక మీద ఆయనను ఇరుకున పెట్టకూడదు, మీరూ ఇరుక్కోకూడదు. చాలామంది పాస్టర్లు ఇలాంటి సాక్ష్యం కోసమే ఎదురుచూస్తూ ఉంటారు, ఎందుకంటే సమాధుల దగ్గర నిలబడేది వాళ్లే. ఒకవేళ ఆయన, సంతోష సమయంలో తమ్ముడి సంగతి వద్దు, అది తీసేసి మిగతాది చెప్పమ్మా అంటే, మర్యాదగానే, అయితే ఇప్పుడు కాదండీ, ఇంకొన్నాళ్లాగి చెబుతాను అనండి. పాపను దేవునికి సమర్పించే ప్రతిష్ఠ ప్రార్థన అంతవరకు ఆగనక్కరలేదు. అది మీరు మాట్లాడకుండానే జరుగుతుంది.